నిద్రపోవాల్సిన మొక్క

ఈ అరబ్బు దేశంలో, సల్వా అనే పేటలో నేను పనిచేసే ఇంటి ముందర పచ్చగడ్డి ఉండేది. దానికి రోజూ రెండు పూటలా నీళ్ళు పెట్టాల. ఎంత పెట్టినా ఎండాకాలానికి పసుపు తిరిగిపోయేది, మల్లా కొత్త గడ్డి చుట్టలు చుట్టలుగా తెచ్చి పరిచేవాళ్ళు. నేను పుట్టింది అన్నమయ్య జిల్లాలో ఒక మెట్ట ఊర్లో. బోర్లు ఎండిపోయి, పెంచుకున్న చీనీ చెట్లను మేమే నరికి పొయ్యిలో పెట్టుకున్నోళ్ళం. ఆ గడ్డికి పైపు పట్టుకుని నిలబడితే నాకు కడుపు రగిలిపోయేది. తినేదా, కోసి పశువుకు వేసేదా? అయినా పనికొచ్చినదాన్ని, నాకెందుకులే అని నోరు మూసుకునేదాన్ని.

ఒక చలికాలం ఆ గడ్డికి మూడింది. మామా బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చూసింది. మామా అంటే మా ఇంటి యజమానురాలు, బడిలో టీచరు. ఇక్కడ ఇండ్లల్లో పనిచేసే ఆడోళ్ళమంతా ఇంటామెను అట్లనే పిలుస్తాం.

"ఈ గడ్డి నాకొద్దు. పీకేసి నీళ్ళు అడగని మొక్కలు పెడదాం. మీ ఊర్లో కూడా వానలు లేవంటావు కదా, అక్కడ ఏమి బతుకుతాయో చెప్పు," అనింది.

"మా ఊర్లో బతికేటివి రెండే మామా. ముండ్లకంప, మనుషులు," అన్నా.

ఆమె పకపకా నవ్వింది. నా నోరు కొంచెం దురుసు, ఆమెకు అదే ఇష్టం. మరుసటి రోజే కారెక్కించుకుని మొక్కల అంగళ్ళకు తీసుకుపోయింది. కారు నడిపేది కోనసీమ ఆయన. నాకంటే పెద్దోడు, నేను అన్నా అంటా, ఆయన చెల్లెమ్మా అంటాడు. దారంతా ఎగతాళే.

"నీళ్ళడగని మొక్కేటి చెల్లెమ్మా, ఇడ్డూరం కాపోతేనూ! మాకాడ మొక్కకి నీళ్ళెక్కువై కుళ్ళిపోతాయి గానీ, లేక చావడం నేనెరగనండి."

"మీకు ఒళ్ళంతా కాలవలే గదన్నా, మీకేం తెలుస్తాది," అన్నా.

అంగట్లో వాడు ముందర వరసలోనే రంగురంగుల పూలకుండీలు పెట్టినాడు. మామా చెయ్యి అటే పోయింది. అవి మే నెలకు అప్పడాలైపోతాయని నేను లాక్కొచ్చినా. గోడ పక్కకు కాగితంపూల చెట్టు తీసుకున్నాం, దానికి దప్పికైతేనే పూత ఎక్కువ. దారి వెంబడి కలబంద, వాకిట్లో లావు మొదలుండే ఎడారి గులాబీ, వెనక మూలకు రేగు. మామాకు గన్నేరు నచ్చింది. ఈ దేశంలో రోడ్ల పక్కన అదే కదా, ఎంత ఎండకైనా చావదు. నేను ససేమిరా అన్నా. మా ఊర్లల్లో ఇంట్లో కొట్లాడుకున్న ఆడది మొట్టమొదట తలుచుకునే చెట్టు అదని, దాని పప్పు నూరుకుని తాగితే మల్లా లేచేది లేదని చెప్పినా. ఆమె చేతిలో కొమ్మను గబుక్కున వదిలేసి, చెయ్యి బట్టకు తుడుచుకుంది.

పక్కింటోళ్ళ గోడ వెంబడి ఉన్న చెట్టు జాతి కూడా వద్దే వద్దనుకున్నాం. అది గోడ మాదిరి దట్టంగా పెరుగుతాది, కానీ దాని వేర్లు నీళ్ళ వాసన పట్టుకుని గోడ కింద నుంచి మా ఇంట్లోకి వచ్చినాయి. ప్లంబరు వచ్చి మా బాత్రూం పైపులో నుంచి జడ మాదిరి పొడుగ్గా వేరును బయటికి లాగినాడు. కండ్లు లేవు, కాళ్ళు లేవు, మన ఇంటి లోపల నీళ్ళున్నాయని దానికి ఎట్ల తెలిసింది?

నేను చెప్పినవన్నీ బతికినాయని కాదు. ఊర్నుంచి తంగేడు విత్తనాలు తెప్పించి గొప్పగా చల్లినా, ఒక్కటీ మొలవలే. అన్న ఎన్నాళ్ళో దానిమీద నన్ను ఆటపట్టించినాడు.

అర్ఫజ్ పెట్టమనింది మాత్రం పెద్ద మామా. ఆమె మామాకు తల్లి. ఇంటాయన పనిమీద దేశాలు తిరుగుతాంటాడు, పిల్లలు పెండ్లిండ్లు చేసుకుని పోయినారు. ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్ళు, నేను, అన్న. పెద్ద మామాను చూసుకునేదే నా అసలు పని. స్నానం, తిండి, మందులు, నీళ్ళు అన్నీ నేనే. చేతికర్ర పట్టుకుని గదిలో నాలుగడుగులు వేస్తాది. వేళ్ళ కొనలకు ఎప్పుడూ గోరింటాకు ఉండాల్సిందే, నేనే పెడతా. మతి ఒకరోజు ఉంటాది, ఒకరోజు ఉండదు. నన్ను కూతురా అంటాది. మా జేజిని, అదే మా నాయనమ్మను, పోగొట్టుకున్నాక నా తల నిమిరింది ఈమె ఒక్కతే. అందుకే చెబుతాండా, ఆమెను చూసుకోవడం నాకు జీతం పని మాదిరి ఎప్పుడూ అనిపించలే.

ఆ రోజు మేము తోటలో కంకర పరిపిస్తాంటే, కింది గదిలో నుంచి కిటికీ రెక్క జరిపి, "నా కిటికీ కింద అర్ఫజ్ పెట్టండి," అనింది. అర్ఫజ్ అంటే ఈ ఎడారిదే, మోకాలెత్తు పొద. వానలు పడితే చలికాలం చివర్లో చిన్న చిన్న పసుపు పూలు పూస్తాది. ఒకప్పుడు ఒంటెలకు మేత, పొయ్యిలోకి పుల్ల. ఇప్పుడు ఈ దేశం పువ్వు అదేనంట. వెదికి తెచ్చి పెట్టినాం. మిగతా మొక్కలన్నిటికీ సన్నటి డ్రిప్పు పైపు వేసినాం గానీ దీనికి వద్దన్నా. వేరు పట్టుకునేదాకా నేనే చెంబుతో పోసినా, తర్వాత మానేసినా. వసంతంలో పూసింది. పెద్ద మామా కిటికీ దగ్గర కూర్చుని దాన్నే చూసేది.

మే వచ్చేసరికి అర్ఫజ్ బూడిద రంగుకు తిరిగింది. ఆకు రాలి ఎండుపుల్లల కట్ట మాదిరి మిగిలింది. మామా తల్లి గదిలోకి వచ్చి కిటికీలో నుంచి చూసి, "చచ్చిపోయింది, పీకెయ్యండి," అనింది.

"చావలేదు మామా, నిద్రపోతాంది. ఈ జాతి ఇంతే, ఎండాకాలం కండ్లు మూసుకుంటాది. ఇప్పుడు నీళ్ళు పోస్తే కుళ్ళి చస్తాది. వాన పడితే అదే లేస్తాది," అన్నా.

మంచం మీద పెద్ద మామా తల పైకెత్తింది. "చావలేదా?"

"లేదు పెద్ద మామా."

"నిద్రేనా?"

"నిద్రే."

ఆమె నా మొహం వైపు శానాసేపు చూసి మల్లా పండుకుంది. నేను దుప్పటి కప్పి నా పనికి పోయినా.

జులైలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం ఎట్లుంటాదో చెప్పాల. మా ఊర్లో ఆ పొద్దులో చింతచెట్టు కిందికి పోనిచ్చేవాళ్ళు కాదు, గాలి సోకుతాదని. ఇక్కడ కూడా అదే మాట. మిట్టమధ్యాహ్నం గాడిద కాళ్ళున్న ఆడమనిషి వీధుల్లో తిరుగుతాదని, చిన్నప్పుడు బయటికి పోకుండా భయపెట్టేవాళ్ళని పెద్ద మామానే నాకు చెప్పింది. అప్పుడు నవ్వుకున్నా. గడ్డి తీసేసినాక మాత్రం నవ్వు రాలే. గడ్డి ఉన్నప్పుడు పిట్టలన్నా వాలేవి. ఇప్పుడు తెల్లటి కంకర, దాంట్లో దూరం దూరంగా మొక్కలు, ఆకు కదలదు. వెలుతురు ఎంత తెల్లగా ఉంటాదంటే నీడ కూడా గోడ మొదట్లోకి నక్కుతాది. ఎవరో మనల్ని చూస్తా ఊపిరి బిగబట్టినట్టుండేది.

అట్లాంటి మధ్యాహ్నం తువ్వాళ్ళు ఆరేసేదానికి పోయి, కిటికీ కింద చూసినా. అర్ఫజ్ చిగురేసింది.

ఆ ఎండలో నాకు చలి పుట్టింది. వాన లేదు, పైపు లేదు, పక్కనున్న కలబంద కూడా ఎర్రబారి ముడుచుకుపోయింది. ఇది మాత్రం పుల్లపుల్లకూ పచ్చగా కండ్లు తెరిచింది. పైన మన్ను పొడిగా, చెయ్యి కాలేటట్టుండాది. వేలితో గీకితే లోపల తడి.

అన్నను అడిగితే, "నేనెందుకు పోత్తాను చెల్లెమ్మా? ఈ ఎండలో నా ప్రాణానికే దిక్కు లేదు," అన్నాడు. మామాను అడిగితే సంబరపడింది. "చూసినావా, నువ్వు నిద్ర నిద్ర అన్నావు, లేచింది," అనింది. ఇంక అడిగేదానికి ఇంట్లో ఎవరున్నారు?

అదే రోజుల్లో పెద్ద మామా ఎండిపోవడం మొదలైంది. మాట కాదు, నిజంగానే ఎండిపోతాంది. పెదాలు పగిలినాయి. నాలుక అంగిలికి అంటుకుని మాట తడబడేది. చేతి మీద చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే నిలబడిపోయేది. పొద్దస్తమానం మగత. నీళ్ళు లేక అనుకుందామంటే, నేను గ్లాసు నింపి పెట్టి పోయి వచ్చేసరికి ఖాళీ. కూజా నింపితే కూజా ఖాళీ. ఇన్ని తాగి ఈ మనిషి ఎట్ల ఎండుతాంది? డాక్టరు ఇంటికొచ్చి చూసి, వయసు, ఎండలు అని ఏవో బిళ్ళలు రాసిచ్చి పోయినాడు.

ఇంకో సంగతి. ఏసీ గది, కిటికీ ఎప్పుడూ మూసే ఉంటాది. అయినా మధ్యాహ్నం పోయి చూస్తే కిటికీ గట్టు మీద సన్నటి ఇసుక పడుంటాది. గదిలో ఒక మూల వేడి ఆవిరి. ఒకసారి తలుపు దగ్గరికి పోయేసరికి లోపల మాట వినపడింది. "ఇష్రబ్, ఇష్రబ్." తాగు, తాగు అని, పసిబిడ్డను బుజ్జగించినట్టు. తలుపు తీస్తే ఆమె కండ్లు మూసుకుని పండుకోనుంది, గదిలో ఇంకెవరూ లేరు, గ్లాసు ఖాళీ.

ఎవరు ఎవరిని తాగమంటాండారు?

అప్పుడు నాకు ఒకటే ఆలోచన పట్టుకుంది, వదిలితే గదా. మా జేజి కాలం గాని కాలంలో చిగురేసిన చెట్టును చూస్తే భయపడి చచ్చేది. అది ఇంట్లో ఒకరి ఆయుష్షు తాగి లేచిందని, ఆ ఒకరిని తీసుకునిగాని పోదని అనేది. ఈమె తాగిన నీళ్ళు ఈమెకు అంటట్లేదు. కింద అది పచ్చబడే కొద్దీ పైన ఈమె ఎండుతాంది. పక్కింటి వేరు గోడ దాటి పైపులోకి వచ్చింది కదా, దీని వేరు ఎంతదాకా వచ్చిందో! పిచ్చిదాన్నని అనుకోండి. ఆ కిటికీ ముందర ఒక్క మధ్యాహ్నం నిలబడి చూసి అనండి.

పీకేద్దామంటే మామా ఒప్పుకోదు. నాకు తెలిసిన విద్య ఒకటే ఉండాది, దిష్టి తీయడం. సున్నం ఇక్కడ యాడ దొరుకుతాది? వంటింట్లో తినే సోడా ఉండాది, పసుపులో కలిపితే నీళ్ళు ఎర్రగా తిరుగుతాయి. దాంట్లో రెండు మిరపకాయలు, ఒక బొగ్గుముక్క వేసినా. మామా బడికి సెలవులైనా ఏదో మీటింగని పోయింది. పెద్ద మామా తల చుట్టూ తిప్పి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆ మొక్క దిష్టి అంతా పోవాలని దిగదుడిచినా. ఆమె గోరింటాకు వేళ్ళతో నా చెయ్యి పట్టుకుని నవ్వింది. దిష్టి నీళ్ళు ఎవరూ తొక్కని చోట పోయాల. ఆ ఇంట్లో ఎవరూ తొక్కని చోటు కిటికీ కిందే. అర్ఫజ్ మొదట్లో పోసినా.

అదే నా కొంప ముంచింది. తెల్ల కంకర మీద ఎర్రటి మడుగు. కారు దిగిన మామా దాన్ని చూసి కెవ్వుమనింది.

"ఏమిది? నెత్తురా?"

చెప్పినా. పసుపు మామా, సోడా మామా, మీ అమ్మకు దిష్టి తీసినా మామా అని. ఆమె మిరపకాయలను, బొగ్గును చూసింది, తల్లి కిటికీని చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "సిహ్ర్," అనింది. అంటే చేతబడి. ఇక్కడ పనిమనిషి మీద ఆ మాట పడిందంటే ఇంక ఖలాస్, ఎవరూ కాపాడలేరు. "మా అమ్మ ఎందుకు ఎండిపోతాందో ఇప్పుడు తెలిసింది. నేను నిన్ను ఇంట్లో మనిషిని చేసుకున్నా," అనింది. అరిచి తిట్టుంటే పడేదాన్ని. మెల్లగా అనింది, నాకు ఏడుపు ఆగలే.

పనిమనుషుల ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చి తీసుకుపోయేదాకా నన్ను వంటింట్లోనే ఉండమనింది, తల్లి గది గడప తొక్కొద్దనింది. అన్న నా తరఫున రెండు మాటలు మాట్లాడబోతే ఆయన్నీ కసిరింది. ఖురాన్ చదివి ఊదిన నీళ్ళు సీసాలు సీసాలు తెప్పించి, తానే తల్లి మంచం పక్కన గ్లాసుల్లో పోసి పెట్టింది. ఆ నీళ్ళు మిగిలితే మోరీలో పారబోయకూడదు, మొక్క మొదట్లోనే పోయాల, అది వాళ్ళ మర్యాద. కానీ మిగిలితే గదా. గ్లాసులన్నీ ఖాళీ. పెద్ద మామా ఇంకా ఎండుతానే ఉండాది. నాకు నా ఉద్యోగం పోతాందని కాదు, ఆ మనిషిని ఎవరు బతికిస్తారా అని ప్రాణం కొట్టుకుంది. ఆ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు.

మా వంటిల్లు ఇంటికి పక్కగా విడిగా ఉంటాది. దాని తలుపు సందులో నుంచి ఆ కిటికీ కనిపిస్తాది. ఆ మధ్యాహ్నం పెట్టె సర్దుకుని ఆ తలుపు దగ్గరే కూర్చోనున్నా. బయట అంతా తెల్లగా ఉడుకుతాంది.

కిటికీ రెక్క జరిగింది.

సందులో నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఎముక మీద తోలు, వేళ్ళ కొనలు ఎర్రగా. చేతిలో గ్లాసు. అది మెల్లగా వంగి, అర్ఫజ్ నెత్తిన నీళ్ళు పోసింది. చివరి చుక్కదాకా పోసి, లోపలికి పోయింది. ఇంకో గ్లాసుతో మల్లా వచ్చింది.

ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు, దానికి గోరింటాకు పెట్టింది నేనే. గడప తొక్కొద్దనింది గదిదే కదా అని, తోటలో నుంచి పరిగెత్తినా. కంకర అరికాళ్ళు కాల్చేసింది. కిటికీ ముందర నిలబడ్డా.

పెద్ద మామా కండ్లు చిట్లించి నన్ను చూసింది. నన్ను పోల్చుకోలే. వెనక ఎండ, తల మీద నా పైట.

"నీళ్ళ మనిషివా? ఇంత ఆలస్యమా?" అనింది.

ఒకప్పుడు ఈ ఊరికి మంచినీళ్ళు పడవల్లో వచ్చేవని, మోసుకుని ఇంటింటికీ అమ్మేవాళ్ళని ఆమె చెప్పేది.

"గాలికి పడవ రాలేదంట. అమ్మ రేవుకు పోయింది నీళ్ళ కోసం. తమ్ముణ్ణి నా ఒళ్ళో పెట్టి పోయింది. ఏడ్చి ఏడ్చి వీడు నిద్రపోయినాడు," అని కిందికి, మొక్క వైపు చూపించింది. "అమ్మ వచ్చి, చచ్చిపోయినాడనింది. అందరూ అదే మాట అన్నారు. కాదంట. నిద్రేనంట. మా ఇంట్లో పిల్ల చెప్పింది, ఆ పిల్లకు అన్నీ తెలుసు. చూడు, నీళ్ళు పోస్తే కండ్లు తెరిచినాడు."

ఆ పిల్లను నేనే. కిటికీ గట్టు పట్టుకుని ఆమె దగ్గరికి వంగినా.

"వాడు తాగినాడు కదా పెద్ద మామా. ఇప్పుడు నువ్వు తాగు, నా తల్లీ," అని బతిమలాడినా.

"వాడు లేచి కూర్చున్నాక తాగుతా. ముందు వాడికి."

నేను అర్ఫజ్ మొదలు పట్టుకున్నా. పట్టుకోగానే అది ఊగింది. మట్టిలో నుంచి కుళ్ళు వాసన కొట్టింది. పైన పచ్చగానే ఉండాది, కింద వేరు ఎప్పుడో పోయింది. ఈ మొక్క ఇంక వారం నిలవదు. అది వాలిపోయిన రోజు ఈమె తమ్ముడు రెండోసారి చచ్చిపోతాడు, ఈమె కూడా వాడి వెంబడే పోతాది. నాకు అది అద్దంలో చూసినట్టు కనిపించింది. గొంతు చించుకుని మామాను పిలిచినా.

మామా కోపంగా బయటికొచ్చింది. నన్ను అక్కడ చూసి నోరు తెరవబోయింది. అప్పుడే ఎర్రటి వేళ్ళ చెయ్యి ఇంకో గ్లాసుతో బయటికొచ్చింది, ఆమె తెప్పించిన ఊదిన నీళ్ళే. తల్లి పోస్తాంటే, పోయడం అయ్యేదాకా, కూతురు ఎండలో అట్లనే నిలబడిపోయింది. తర్వాత నేను విన్నదంతా చెప్పినా.

"నాకు మేనమామ ఉండేవాడని నాకే తెలీదు," అనింది మామా.

ఆ పొద్దే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించినారు. ఒంట్లో నీళ్ళు అడుగంటినాయని, ఇంకా రెండు రోజులైతే దక్కేది కాదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. సూదితో ఎన్నాళ్ళు పోస్తాం, నోటితో తాగాలనింది. పెద్ద మామా పెదాలు బిగబట్టుకునేది. వాడు తాగినాడా అని మమ్మల్నే అడిగేది. తాగినాడు, తాగినాడు అని మామా ఏడుస్తా చెప్పేది.

ఇంట్లో మొక్క వాలిపోయింది. మామా నాకు సారీ చెప్పలే. ఆఫీసుకు ఫోన్ చేసి రావద్దని చెప్పి, నా పెట్టె తానే మోసుకొచ్చి నా గదిలో పెట్టింది. "యల్లా, పద, కారెక్కు. అట్లాంటిదే ఇంకొకటి తెద్దాం," అనింది. ఫోన్‌లో పాత మొక్క ఫోటో పెట్టుకుని ముగ్గురం తిరగని చోటు లేదు. ఎత్తు సరిపోతే కొమ్మ సరిపోదు, కొమ్మ సరిపోతే నిద్రలో ఉంటాది. చివరికి నీడలో పెంచుతాండే ఒకాయన దగ్గర పచ్చటిది దొరికింది. ఎడమకు వంగిన కొమ్మతో సహా అచ్చం అదే. నేనే నమ్మలేకపోయినా.

పాతదాన్ని అన్న ఒంటిచేత్తో లాగితే వచ్చేసింది. వేరు లేదు, నల్లటి బురద ఉండాది. "మాకాడ చావు చచ్చింది చెల్లెమ్మా ఇది," అన్నాడు, ఈసారి ఎగతాళి లేదు గొంతులో. చెత్తడబ్బా వైపు పోతాంటే మామా ఆపింది. లోపలికి పోయి ఉతికిన తెల్లగుడ్డ తెచ్చింది. దాంట్లో మొక్కను చుట్టి, అన్నతో కారులో ఊరి బయట ఎడారిలోకి పోయి, మట్టి చేసి వచ్చింది. ఆసుపత్రిలో ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పేవాళ్ళు మా ముగ్గురిలో ఎవరూ లేరు.

పెద్ద మామాను ఇంటికి తెచ్చిన పొద్దు, మంచం మీద కూర్చోబెట్టి కిటికీ తెర తీసినా. మామా గ్లాసుతో నిలబడింది. అన్న గుమ్మంలో నిలబడినాడు. కిటికీ కింద కొత్త అర్ఫజ్, పచ్చగా.

ఆమె శానాసేపు చూసింది.

"ఇది మొక్క," అనింది.

"కాదమ్మా, వాడే. చూడు, ఎంత బాగుండాడో," అనింది మామా.

"నా ఒళ్ళో ఉన్నోడు నాకు తెలీదా?" అనింది. కూతురి వైపు తిరిగింది. ఆ రోజు మతి ఉన్న కండ్లే అవి. "మట్టి చేసినారా?"

మామా అబద్ధం చెప్పబోయి చెప్పలేకపోయింది. "చేసినాం," అనింది.

"తెల్లగుడ్డలో?"

"తెల్లగుడ్డలోనే అమ్మా."

ఆమె తల ఊపింది. కండ్లల్లో నీళ్ళు తిరిగేదానికి కూడా ఆ ఒంట్లో నీళ్ళు లేవు. రొంతసేపు మొక్కను చూసి, ఎర్రటి వేళ్ళ చెయ్యి చాపి, "అయితే ఇటియ్యి, దప్పికవుతాంది," అనింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఆపకుండా, గటగటా తాగింది. గడ్డం మీద కారిన నీళ్ళను నేను తుడవబోతే నా చెయ్యి తోసేసి, ఇంకొకటి తెమ్మనింది.